తనంతట తాను రాలే పండు

హైదరాబాదులోనో విజయవాడలోనో పెద్ద పండ్ల దుకాణంలో పాషన్ ఫ్రూట్ బుట్ట దగ్గర కాసేపు నిలబడితే ఒక సంగతి కళ్లకు కడుతుంది. కొనేవాళ్ల చేయి నున్నగా, నిగనిగలాడే కాయల మీదికే పోతుంది. తొక్క ముడతలు పడి, కొంచెం వాడినట్టున్న వాటిని ఏరి పక్కకు నెడతారు. తియ్యగా ఉండేవి సాధారణంగా ఆ నెట్టేసినవే. జామకాయ, ద్రాక్ష, టమాటా కొని కొని ఆరితేరిన చేతికి ఈ పండు దగ్గర ఆ అనుభవమే అడ్డమొస్తుంది.

తోటలో కథ ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. బాగా పండిన పాషన్ ఫ్రూట్‌ను కోయాల్సిన పని లేదు. పక్వానికి రాగానే తొడిమ దగ్గర పట్టు వదిలి, తనంతట తాను పందిరి కింద రాలుతుంది. రైతు వంగి ఏరుకుంటాడు, అంతే. దూరపు మార్కెట్‌కు పంపాలనుకునేవాళ్లు మాత్రం రంగు తిరగడం చూసి తొడిమతో సహా ముందే కోస్తారు. కోయడమా, రాలేదాకా ఆగడమా అన్నది తోటమాలికి వ్యాపారం లెక్క. అదే ప్రశ్నను మన దేశపు మతాలు శతాబ్దాలుగా మరో స్థాయిలో వేసుకుంటూ వచ్చాయి. మనిషికి ఆకలి ఉంది, నాలుకకు రుచి కావాలి. అవి తీర్చుకోవడానికి ఈ ప్రాణి ప్రపంచం మీద ఎంత చేయి చేసుకోవచ్చు? ఆగి తినేవాడు భోగా, త్యాగా?

ఈ మొక్క పువ్వుకు పురాణాలకు కొదవ లేదు. దక్షిణ అమెరికాకు వెళ్లిన స్పెయిన్ మత ప్రచారకులు ఈ జాతి పువ్వుల్లో ఏసుక్రీస్తు శ్రమలను చూశారు. 1610లో జాకొమో బోసియో రోములో అచ్చువేయించిన శిలువ గ్రంథంలోకి ఆ పువ్వు ఎక్కింది. తర్వాత క్రైస్తవ లోకంలో స్థిరపడిన వివరణ ప్రకారం మధ్యలో ఉన్న పోగుల వలయం ముళ్ల కిరీటం. మూడు కీలాగ్రాలు మూడు మేకులు. ఐదు కేసరాలు ఐదు గాయాలు. నులితీగలు కొరడాలు. అదే కుటుంబపు పువ్వు మన పెరట్లోకి వచ్చేసరికి కృష్ణకమలమైంది. చుట్టూ ఉన్న పోగులు నూరుగురు కౌరవులయ్యారు, ఐదు కేసరాలు పాండవులయ్యారు, పైనున్న మూడూ త్రిమూర్తులయ్యాయి. ఒక దేశంలో శిలువ, ఇంకో దేశంలో కురుక్షేత్రం. పోగులు లెక్కపెట్టి చూస్తే కచ్చితంగా నూరు ఉండవు, అయినా భక్తికి ఆ లెక్క అడ్డం రాలేదు.

పండుకు మాత్రం ఏ పురాణమూ దొరకలేదు. జాగ్రత్తగా చూస్తే, చెప్పడానికి ఎక్కువ ఉన్నది పండుకే. పువ్వు మీద మనిషి తనకు తెలిసిన కథను అతికించాడు. పండు తన ప్రవర్తనతోనే మనిషిని ఒక ప్రశ్న అడుగుతోంది.

ముందు ఆ ప్రవర్తన. పాసిఫ్లోరా ఎడ్యులిస్ అనే ఈ తీగ దక్షిణ బ్రెజిల్, పరాగ్వే, ఉత్తర అర్జెంటీనా ప్రాంతాలది. ఊదారంగు పండ్ల రకం చల్లటి కొండల్ని ఇష్టపడుతుంది, పసుపు రకం మైదానాల వేడిని తట్టుకుంటుంది. మన దేశంలో నీలగిరులు, కొడగు, కేరళ కొండలు, ఈశాన్యంలో నాగాలాండ్, మణిపూర్, మిజోరం దీనికి ఇళ్లు. కొడగు జిల్లా చెట్టళ్లిలోని ఉద్యాన పరిశోధనా కేంద్రం ఊదా, పసుపు రకాలను కలిపి కావేరి అనే సంకర రకాన్ని తయారుచేసింది. ఊదా రకం పువ్వు పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది. పసుపు రకం మధ్యాహ్నం విచ్చుకుని రాత్రికి ముడుస్తుంది. పసుపు రకంలో ఒక తీగ పుప్పొడి అదే తీగకు పనికిరాదు. మరో తీగ నుంచి పెద్ద నల్ల తుమ్మెద మోసుకురావాలి, లేదంటే మనిషి చేత్తో అద్దాలి. కాయ నిలిచాక పండడానికి రెండున్నర నెలలు అటూ ఇటూ పడుతుంది.

ఆ రెండున్నర నెలలూ కాయ తనను తాను కాపాడుకుంటుంది. పచ్చికాయలో సయనైడ్‌ను విడుదల చేయగల పదార్థాలుంటాయి, పండే కొద్దీ అవి తగ్గుతాయి. గింజ సిద్ధం కాకముందు తినడానికి వచ్చిన నోటిని తీగ వద్దంటుంది. గింజ ముదిరాక రంగు, వాసన, తీపి ఇచ్చి అదే నోటిని పిలుస్తుంది, తొడిమ కూడా వదిలేస్తుంది. తినేవాడి కోరిక, తీగ అవసరం ఒకచోట కలిసే ఘడియ అది.

ఆ ఘడియ గురించి జైనులు ఏనాడో ఆలోచించారు. మనసు రంగుల్ని లేశ్యలు అంటారు వాళ్లు. వాటిని వివరించడానికి ఆరుగురు బాటసారుల కథ చెబుతారు. పదో శతాబ్దపు నేమిచంద్రుడి గొమ్మటసారంలోనూ ఈ దృష్టాంతం ఉంది. జైన చిత్రాల్లో తరచుగా కనిపిస్తుంది కూడా. అడవిలో దారితప్పి ఆకలితో ఉన్న ఆరుగురికి పండ్లతో విరగకాసిన చెట్టు కనబడుతుంది. చాలామంది చెప్పే కథలో అది నేరేడు. మొదటివాడు చెట్టును వేళ్లతో సహా కూల్చేద్దామంటాడు. రెండోవాడు మొదలు దాకా ఎందుకు, పెద్ద కొమ్మలు నరికితే చాలంటాడు. మూడోవాడు చిన్న కొమ్మలు చాలంటాడు. నాలుగోవాడు గుత్తులు తెంపుదామంటాడు. ఐదోవాడు పండినవి మాత్రమే కోసుకుందామంటాడు. ఆరోవాడు కిందికి చూస్తాడు. రాలిన పండ్లు బోలెడున్నాయి కదా, ఏరుకుంటే కడుపు నిండుతుంది అంటాడు. మొదటివాడిది కృష్ణ లేశ్య, నలుపు. తర్వాత నీల, కాపోత, తేజో, పద్మ లేశ్యలు వరుసగా వస్తాయి. ఆరోవాడిది శుక్ల లేశ్య, తెలుపు.

యాదాద్రి భువనగిరి జిల్లా కొలనుపాక జైన క్షేత్రాన్ని చూసిన తెలుగువాళ్లకు జైనమతం అనగానే ఉపవాసాలు, కఠిన నియమాలు గుర్తొస్తాయి. ఈ కథలో ఉపవాసం ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఆరుగురికీ ఒకటే ఆకలి, ఆరుగురికీ అదే పండు కావాలి. అన్నిటికంటే తెల్లటి మనసున్నవాడు కూడా తింటాడు, కడుపునిండా తింటాడు. మారిందల్లా ఆ కోరిక తీరడానికి లోకం ఎంత నష్టపోవాలన్న కొలత. కోరికను చంపమని కథ చెప్పడం లేదు. కోరిక చేతిలో ఉన్న గొడ్డలిని దించమంటోంది. తత్త్వశాస్త్రంలో ఇది చిన్న తేడా కాదు. భోగానికీ త్యాగానికీ మధ్య మనం కట్టుకున్న గోడలో ఒక గుమ్మం ఇక్కడ తెరుచుకుంటుంది.

వైదిక సంప్రదాయం కూడా ఈ గుమ్మం దాకా వచ్చింది. మనుస్మృతి ఆరో అధ్యాయం వానప్రస్థుడికి ఆహారం చెబుతూ, కాలవశాన పండి వాటంతట అవే రాలిన ఫలాలను అనుమతిస్తుంది. కాళిదాసు కుమారసంభవం ఐదో సర్గలో పార్వతి తపస్సు ఇంకో మెట్టెక్కుతుంది. రాలిన ఆకులు తిని బతకడమే తపస్సుకు పరాకాష్ఠ అనుకుంటే ఆమె వాటినీ మానేసి అపర్ణ అయింది. ఇక మృత్యుంజయ మంత్రం చాలా తెలుగిళ్లలో చదివేదే. రుగ్వేదం ఏడో మండలంలోని ఆ ప్రార్థన మృత్యువు నుంచి విడుదలను తీగ మీద పండిన దోసపండుతో పోలుస్తుంది. పండిన దోస తొడిమను తెంచుకోదు, తొడిమ నుంచి వీడిపోతుంది. పండడమే వీడడం. పాషన్ ఫ్రూట్ కూడా తీగపండే, ఇదీ అలాగే వీడుతుంది.

పక్వం గురించి రామకృష్ణ పరమహంస చెప్పిన మాటలు ఇక్కడ బాగా అతుకుతాయి. కాయ పుట్టగానే పూరేకులు వాటంతట అవే రాలిపోతాయని, పుండు మానకముందే పక్కు లాగితే నెత్తురొస్తుందని, మానాక పక్కు దానంతటదే ఊడుతుందని ఆయన శిష్యులకు చెప్పేవారు. సన్యాసం పేరుతో తమను తాము బలవంతంగా తెంపుకునేవాళ్లకు అది హెచ్చరిక. తోటలోకి వచ్చినవాడు మామిడిపండ్లు తినాలి గానీ కొమ్మలూ ఆకులూ లెక్కపెడుతూ కూర్చోకూడదన్నదీ ఆయనే. ఒకే మనిషి వేచి ఉండమనీ అన్నాడు, తినమనీ అన్నాడు.

వేచి ఉండడం చేతకానప్పుడు ఏమవుతుందో తెలియడానికి మనం వేదాంతం దాకా పోనక్కర్లేదు, వేసవిలో మామిడి మండీ దాకా పోతే చాలు. కాల్షియం కార్బైడ్ పొట్లాలతో మాగబెట్టిన కాయ రాత్రికి రాత్రి పసుపు రంగు తెచ్చుకుంటుంది. తొక్క పండిందని చెబుతుంది, లోపల గుజ్జు ఇంకా పులుపే. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు ఆ పద్ధతిని నిషేధించాయి. పండు తనలో తాను తయారుచేసుకునే ఎథిలీన్ వాయువునైతే నిబంధనలు 100 పీపీఎం వరకు వాడుకోనిస్తాయి. కాయ సొంత పద్ధతికి సాయపడడం వేరు, తొక్కకు అబద్ధం నేర్పడం వేరు. చట్టం కూడా ఆ తేడాను గుర్తించింది.

మరి మంచి పాషన్ ఫ్రూట్‌ను ఎలా గుర్తుపట్టాలి? మొదట చేతిలోకి తీసుకుని బరువు చూడాలి. పరిమాణానికి మించిన బరువుంటే లోపల రసముంది. రంగు పూర్తిగా తిరిగి ఉండాలి, తొడిమ దగ్గర పచ్చదనం మిగలకూడదు. ముడతలకు భయపడకూడదు. రాలాక తొక్కలోని నీరు ఆవిరవుతూ పోతుంది, ముడతలంటే అదే. నున్నటి పండు దొరికితే పారేయనక్కర్లేదు, గదిలో నాలుగు రోజులుంచితే ముడత తిరిగి తీపెక్కుతుంది. తేలిగ్గా, డొల్లగా, మరీ నలిగిపోయిన పండు మాత్రం ఎండిపోయినట్టు లెక్క. తొడిమ చోట బూజు ఉందేమో చూసుకోవాలి. చివరి పరీక్ష ముక్కుది. పండిన పాషన్ ఫ్రూట్ నాలుగు ఉంటే చాలు, గది మొత్తానికి తెలిసిపోతుంది.

చాకుతో పైన టోపీలా కోయాలి. లోపల తెల్లటి మెత్తటి పొర, దాన్ని అంటుకుని పసుపు సంచులు. ఒక్కో సంచిలో ఒక్కో నల్ల గింజ, పండు మొత్తంలో రెండు వందలకు పైగా ఉండవచ్చు. చెంచాతో తీసి నోట్లో వేసుకుంటే ముందు పులుపు చురుక్కుమని దవడలను పట్టుకుంటుంది. వెనకే తీపి వస్తుంది, దాని మీదుగా పూలవాసన ముక్కులోకి ఎక్కుతుంది. గింజలు కొరికితే పటపటమంటాయి. మింగినా ఫర్వాలేదు, నమిలినా ఫర్వాలేదు. తెల్ల పొరను మాత్రం గీరకూడదు, చేదు. పులుపు ఓర్చుకోలేనివాళ్లు కొంచెం బెల్లప్పొడి చల్లుకోవచ్చు, చిటికెడు ఉప్పు కూడా పనిచేస్తుంది. నారికేళ పాకం, ద్రాక్షా పాకం అంటూ కవిత్వాన్ని పండ్లతో కొలిచిన మన అలంకారికులకు ఈ పండు దొరికి ఉంటే ఇంకో పాకం పుట్టి ఉండేదేమో.

ఇంత రుచిని ఇంత ఇష్టంగా వర్ణించడం ఆధ్యాత్మిక వ్యాసానికి తగునా అని కొందరికి అనిపించవచ్చు. భాగవతం ఏకాదశ స్కంధంలో యదు మహారాజుకు అవధూత తన ఇరవైనలుగురు గురువుల గురించి చెబుతాడు. వాళ్లలో ఒకటి చేప. గాలం ఎరకు చిక్కిన చేప నుంచి నాలుకను గెలవనివాడు ఏ ఇంద్రియాన్నీ గెలవలేడని ఆయన నేర్చుకున్నాడు. అదే అధ్యాయంలో కొండచిలువ కూడా గురువే. అది వెతుక్కుంటూ పోదు, తన దగ్గరికి వచ్చింది తింటుంది, అది తియ్యనిదైనా చప్పనిదైనా. ఈ రెండు పాఠాలనూ కలిపి చదవాలి. చేప తినబోయి చావలేదు, ఆగలేక చచ్చింది. కొండచిలువ తినడం మానలేదు, వెంటపడడం మానేసింది.

ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం ఇంకా సూటిగా మాట్లాడుతుంది. లోకమంతా ఈశ్వరుడిదని చెప్పి, వదులుకోవడాన్నీ అనుభవించడాన్నీ ఒకే వాక్యంలో పెడుతుంది. ఇతరుల సొత్తు మీద ఆశ వద్దంటుంది. 1937 జనవరిలో తిరువాన్కూరు పర్యటనలో గాంధీ, మిగతా గ్రంథాలన్నీ బూడిదైనా ఈ ఒక్క మంత్రం హిందువుల మనసులో మిగిలితే చాలునన్న అర్థంలో మాట్లాడారు. ఆ మంత్రం అనుభవాన్ని నిషేధించదు. సొంతదారు నేనన్న పట్టును మాత్రం నిషేధిస్తుంది. రాలిన పండును ఏరుకున్నవాడి చేతిలో రుచి ఉంది, తెంపానన్న పట్టు లేదు.

ఇక్కడ ఒక చిక్కును దాటవేయకూడదు. పాషన్ ఫ్రూట్ విషయంలో ఆగితేనే తియ్యగా ఉంటుంది కాబట్టి ఆగుతున్నాం. అది అహింసా, తెలివైన భోజనప్రియత్వమా? రెంటికీ ఫలితం ఒకటే అయినప్పుడు మనసు రంగు బయటపడదు. అసలు పరీక్ష ఆగడం వల్ల నష్టపోయే చోట వస్తుంది. బొప్పాయి పైనుంచి పడితే పగిలిపోతుంది. ద్రాక్ష రాలేదాకా చూస్తే కుళ్లుతుంది. అక్కడ ఆరో బాటసారి ఏం చేస్తాడో కథ చెప్పదు. బహుశా ఐదోవాడి మాట వింటాడు, పండినవి మాత్రం జాగ్రత్తగా కోస్తాడు. లేశ్యలను మెట్లుగా చెప్పడంలో అర్థం అదే కావచ్చు. పరిస్థితి ఎంత వరకు రానిస్తే అంత పైకి.

రెండో చిక్కు రైతుది. పండు నీరు కోల్పోతే బరువు కోల్పోతుంది. అమ్మేది తూకానికి, కొనేవాడు చూసేది నునుపు. రాలిన పండు కోసం ఆగిన రైతు రుచిని ఇచ్చి డబ్బును పోగొట్టుకుంటాడు. ఎండ ముదరకముందే రోజూ పందిరి కింద తిరిగి ఏరాలి, లేదంటే చీమలు పడతాయి, ఎండకు కమిలిపోతుంది. కాబట్టి బుట్టలో ముడతల పండును నెట్టేసే చేయి మొదటి బాటసారి గొడ్డలికి ఎంతో కొంత బంధువే. అది చెట్టును నరకదు గానీ, ఆగిన మనిషికి శిక్ష వేస్తుంది. శుక్ల లేశ్య అడవిలో ఒంటరి మనసుకు సంబంధించిందే అయితే సులువు. మార్కెట్‌లో దాని ఖర్చును కొనేవాడూ పంచుకోవాలి, ముడతల పండును ఎంచుకుని పూర్తి ధర ఇవ్వడం ద్వారా.

మూడో చిక్కు గింజల్లో ఉంది. చెట్టును కొట్టలేదు, తీగను తెంపలేదు, సరే. చేతిలో ఉన్న రెండు వందల గింజల సంగతి? మొలకెత్తగల ప్రాణం అందులో ఉంది. బౌద్ధ వినయపిటకం దీన్ని పట్టించుకుంది. మొలకెత్తే గింజలున్న పండును భిక్షువు నేరుగా తినకూడదు. ఎవరో గృహస్థు నిప్పుతోనో చాకుతోనో గోటితోనో దానికి చిన్న గాటు పెట్టి కప్పియం, అంటే తగినదిగా, చేసి ఇవ్వాలి. గింజలు తీసేసినా సరే. థేరవాద ఆరామాల్లో ఈ ఆచారం ఇప్పటికీ సాగుతోంది. శ్వేతాంబర జైనుల ఇరవై రెండు అభక్ష్యాల జాబితాలో బహుబీజ ఫలాలు, ముక్కూమొహం తెలియని పండ్లు కూడా ఉన్నాయి. అంటే ఆరో బాటసారి పరీక్షలో ప్రథమ శ్రేణిలో నెగ్గిన పండు అదే మతపు వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోవచ్చు. దీన్ని వైరుధ్యం అనుకోనక్కర్లేదు. కథ కొలిచింది మనసును, జాబితా కొలిచింది పళ్లెంలోని ప్రాణాన్ని. రెండు కొలతలూ అవసరమే, ఒకదానితో ఇంకోదాన్ని కొట్టేయలేం.

మన ఇళ్లలో ఈ చర్చ చివరికి దేవుడి గదికి చేరుతుంది. రాలిన పండు నైవేద్యానికి పనికొస్తుందా? నేల మీద పడిన పువ్వు పూజకు పనికిరాదన్నది పెద్దల మాట. ఆ నియమానికి వాళ్లే ఒక మినహాయింపు ఇచ్చారు, పారిజాతం. దాన్ని కొమ్మ నుంచి కోయరు. రాత్రి పూసి తెల్లవారేసరికి రాలిన వాటినే ఏరి పూజకు వాడతారు. కొందరు మట్టి అంటకుండా చెట్టు కింద శుభ్రమైన బట్ట పరుస్తారు. కింద పడడం వల్ల అశుచి అనుకునే బుద్ధి, తనంతట తాను ఇచ్చుకున్నది కాబట్టి ఇదే శ్రేష్ఠం అనుకునే బుద్ధి ఒకే సంప్రదాయంలో పక్కపక్కనే ఉన్నాయి. పారిజాతానికి వర్తించిన న్యాయం పాషన్ ఫ్రూట్‌కూ వర్తిస్తుంది. దేశం వేరన్న అభ్యంతరం నిలవదు, అమెరికా ఖండం నుంచి వచ్చిన జామ, సపోటా, అనాస ఎప్పటి నుంచో నైవేద్యపు పళ్లెంలో ఉన్నాయి. పెరట్లో తీగ ఉన్నవాళ్లు పందిరి కింద ఒక వలో పాత చీరో కట్టుకోవచ్చు. పొద్దున అందులో పడ్డ పండ్లను కడిగి, ముడతలతోనే దేవుడి ముందు పెట్టి, తర్వాత ఇంటిల్లిపాదీ చెంచాలు పట్టుకుని కూర్చోవచ్చు.